స్కూటర్ ఇంజన్ ఆయిల్: ఎంపిక, చరిత్ర

స్కూటర్ ఇంజన్‌లో ఒకదానితో ఒకటి రాసుకునే లోహపు భాగాల మధ్య పలుచని పొరగా నిలిచి, అరుగుదలను తగ్గించి, వేడిని మోసుకుపోయి, మసిని తనలో కలుపుకునే నూనెను స్కూటర్ ఇంజన్ ఆయిల్ అంటారు. మన దేశంలో దీని చరిత్ర రెండు ఘట్టాలుగా సాగింది. పెట్రోలులో కలిపి కాల్చేసే టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కాలం మొదటిది. ఇంజన్ అడుగున నిలవ ఉండి, కొన్ని వేల కిలోమీటర్లకోసారి మార్చుకునే ఫోర్‌టీ (ఫోర్-స్ట్రోక్) ఆయిల్ కాలం రెండోది. మొదటి కాలపు అలవాట్లు కొన్ని రెండో కాలంలోకి అలాగే వచ్చేశాయి. "చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు మంచిది", "కాస్త ఎక్కువ పోస్తే నష్టమేం లేదు" వంటి మాటలు నేటికీ మెకానిక్ షెడ్లలో వినిపించడానికి కారణం అదే.

పెట్రోలులో నూనె

1891లో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ డే రూపొందించిన టూ-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగే గదే పంపుగా పనిచేస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు ఆ గదిలోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. దారిలో నూనె నిలవ పెట్టే చోటు లేదు కాబట్టి దాన్ని పెట్రోలులోనే కలిపారు. పెట్రోలు ఆవిరి కాగా మిగిలిన నూనె తుంపరలు బేరింగుల మీద, సిలిండర్ గోడల మీద పడి, పని ముగిశాక పెట్రోలుతోపాటే కాలిపోతాయి. తొలినాళ్లలో పందేల బళ్లకు ఆముదం వాడేవారు. మన పాలమూరు, నల్గొండ చేలల్లో పండే ఆముదమే అది. తీవ్రమైన వేడిలోనూ దాని పొర చెదరదు గానీ, జిగురుగా పేరుకుపోతుంది. రోజూ తిరిగే బండికి అది పనికిరాలేదు.

ఇటలీలో పియాజియో సంస్థ 1946లో వెస్పాను, మరుసటి ఏడు ఇన్నొచెంతి సంస్థ లాంబ్రెట్టాను తెచ్చాయి. 98 సీసీల తొలి వెస్పాకు పెట్రోలులో 5 శాతం నూనె కలపాల్సి వచ్చేది, అంటే లీటరుకు 50 మిల్లీలీటర్లు. 1950ల చివర్లో మిశ్రమం నేరుగా క్రాంకు మీద పడేలా ఇంజన్‌ను మార్చాక ఆ పాలు 2 శాతానికి, లీటరుకు 20 మిల్లీలీటర్లకు దిగింది. మన దేశంలో బజాజ్ వెస్పాను, బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెట్టాను తయారుచేశాయి. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. లక్నోలోని స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్‌ను, హైదరాబాద్‌లోని ఆల్విన్ పుష్పక్‌ను అమ్మాయి. అన్నీ టూ-స్ట్రోక్ బళ్లే. చేతక్‌లాంటి బళ్లకు గేర్‌బాక్సులో వేరుగా ఎస్ఏఈ 30 చిక్కదనం ఉన్న నూనె ఉండేది. గేర్లూ క్లచ్ పలకలూ దానిలో తిరిగేవి.

ఆ రోజుల్లో నూనె ఎంపిక బంకులోనే జరిగేది. కుర్రవాడు డబ్బాలోంచి కొలపాత్రలోకి ఆయిల్ వంచి, ట్యాంకులో పోసి, పైనుంచి పెట్రోలు వదిలేవాడు. రెండూ కలిసేందుకు బండిని అటూ ఇటూ ఊపడం అందరికీ అలవాటు. "ఇంకాస్త పొయ్యి బాబూ, ఇంజన్ చల్లగా ఉంటది" అనే వాళ్లకు కొదవలేదు. అది మంచి కోరి చెప్పిన మాటే అయినా బండికి చేటు. ఎక్కువైన నూనె పూర్తిగా కాలదు. ప్లగ్గు తడిసి స్పార్క్ రాదు, పొగ కమ్ముకుంటుంది. పిస్టన్ తల మీద నల్లటి పెచ్చులు కడతాయి, సైలెన్సర్ దారి పూడుకుపోయి పికప్ పడిపోతుంది. అప్పుడు మెకానిక్ హెడ్డు విప్పి, ఆ పెచ్చులను స్క్రూడ్రైవర్‌తో గీకి, ఎగ్జాస్ట్ రంధ్రం అంచుల మసిని తొలిచి, సైలెన్సర్‌ను మంటలో కాల్చి దులిపేవాడు. డీకార్బనైజింగ్ అన్న ఈ పని స్కూటర్ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన ఖర్చే.

నూనె తగ్గితే ముప్పు ఇంకా పెద్దది, పిస్టన్ పట్టేస్తుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. తిరుమల కొండ దిగే టూ-స్ట్రోక్ బండినే తీసుకోండి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులో దిగుతుంటే ఇంజన్ వేగంగానే తిరుగుతుంటుంది గానీ, లోపలికి వచ్చే పెట్రోలు అంతంతమాత్రం. నూనె వచ్చేది ఆ పెట్రోలుతోనే కాబట్టి అదీ అంతంతమాత్రమే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దిగేటప్పుడు కూడా మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పి వదిలేవారు.

1984లో వచ్చిన కైనెటిక్ హోండా ఈ కొలతల బెడదను తీర్చింది. దానిలో టూటీ ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉండి, కావలసినంత నూనెను ఒక పంపు అందించేది. ఇక మిగిలింది పొగ సమస్య. విడిగా అమ్మే నాసిరకం నూనెలు నగరాల గాలిని పాడుచేస్తున్నాయని తేలడంతో 1998 చివరికల్లా ఢిల్లీ బంకుల్లో ముందే కలిపిన టూటీ పెట్రోలు ఇచ్చే యంత్రాలు పెట్టించారు, విడి నూనె అమ్మకాన్ని ఆపించారు. 1999 ఏప్రిల్ 1 నుంచి తక్కువ పొగ వచ్చే టూటీ ఆయిల్ తప్పనిసరి అయింది. జపాన్ జాసో ప్రమాణాల్లోని ఎఫ్‌సీ శ్రేణి నూనెలు ఈ కోవకు చెందినవి. ఇప్పటికీ పాత చేతక్‌నో లాంబ్రెట్టానో నడుపుతున్నవారు డబ్బా మీద చూడాల్సిన గుర్తు ఇదే.

ఫోర్-స్ట్రోక్ కాలం

1998లో బజాజ్ లెజెండ్‌తో దేశంలో ఫోర్-స్ట్రోక్ స్కూటర్ మొదలైంది. 2000 ఏప్రిల్ నుంచి ఉద్గార నిబంధనలు బిగిశాయి. 2001లో వచ్చిన హోండా యాక్టివా గేర్లు లేని ఫోర్-స్ట్రోక్ బండిని ఇంటింటికీ చేర్చింది. దీనిలో నూనె కాలిపోదు. ముప్పావు లీటరుకు అటూ ఇటూగా ఇంజన్ అడుగున ఉండి, నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరగగల ఇంజన్‌లో నెలల తరబడి అదే నూనె తిరుగుతూ ఉంటుంది. సీటు కింద రేకుల మధ్య, ఫ్యాను గాలితో చల్లబడే ఇంజన్ అది. మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ ఉండే బండిలో ఆ కాస్త నూనె మీద పడే భారం తక్కువేమీ కాదు.

ఈ కాలంలో డబ్బా మీది అంకెలు ముఖ్యమయ్యాయి. నూనె చిక్కదనాన్ని అంకెలతో చెప్పే ఎస్ఏఈ పద్ధతి అమెరికాలో 1911 నాటిది. 10డబ్ల్యూ-30 అన్నప్పుడు మొదటి అంకె గడ్డకట్టే చలిలో నూనె ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర జరుగుతుంది. విజయవాడ, రామగుండం వాసులకు ఆ చలితో పనిలేదు. వారు చూడాల్సింది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉంటే అది 30, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. చాలా గేర్‌లెస్ స్కూటర్లకు కంపెనీలు చెప్పేది 10డబ్ల్యూ-30. ఇంజన్‌లోని సందులు, నూనె దారులు ఆ పలుచదనానికి తగ్గట్టు చేసినవి. ఎండలు ఎక్కువని 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున స్టార్ట్ చేశాక నూనె హెడ్డు దాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. బోరుకొచ్చిన ఇంజన్‌లో చిక్కటి నూనె కొన్నాళ్లు శబ్దాన్ని అణచగలదు, అరుగుదలను మాత్రం పూడ్చలేదు.

చిక్కదనం తర్వాత చూడాల్సినవి ఎంఏ, ఎంబీ అనే గుర్తులు. 1990లలో పెట్రోలు ఆదా కోసం కార్ల ఆయిల్‌లో రాపిడిని తగ్గించే రసాయనాలు ఎక్కువగా కలపసాగారు. కారు క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మోటార్ సైకిల్ క్లచ్ పలకలు మాత్రం ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అవి పట్టు కోల్పోయి జారడం మొదలుపెట్టాయి. దీనికి విరుగుడుగా 1998లో జపాన్‌లో జాసో టీ903 అనే ప్రమాణం వచ్చింది. క్లచ్‌కు పట్టునిచ్చే నూనె ఎంఏ, రాపిడిని బాగా తగ్గించే నూనె ఎంబీ. ఫాస్ఫరస్ ఎంత ఉండాలో కూడా ఆ తర్వాత ఈ ప్రమాణంలోనే చేర్చారు. కార్లలో పొగను శుద్ధిచేసే పరికరం చెడకుండా ఫాస్ఫరస్ తగ్గిస్తూ వచ్చారు. కానీ వేగంగా తిరిగే చిన్న ఇంజన్లను అరుగుదల నుంచి కాపాడేది ఆ పదార్థమే. కారుకు మిగిలిన నూనెను స్కూటర్‌లో పోయకూడదనడానికి ఇదొక బలమైన కారణం.

గేర్‌లెస్ స్కూటర్‌లో బెల్టూ క్లచ్చూ ఎడమవైపు వేరే పెట్టెలో పొడిగా తిరుగుతాయి. ఇంజన్ ఆయిల్ అక్కడికి చేరదు. అందుకే దానికి తగినది ఎంబీ. ఎంఏ పోస్తే ఇంజన్ చెడిపోదు, మైలేజీలో రావాల్సిన కాస్త లాభం పోతుంది అంతే. ఎంబీ నూనెను గేర్ల బైకులో పోస్తే మాత్రం క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఇంట్లో బైకూ స్కూటరూ రెండూ ఉండి, ఒకే డబ్బా కొనక తప్పని పరిస్థితి అయితే, చిక్కదనం రెండు బళ్లకూ సరిపోయే ఎంఏ కొనడమే క్షేమం.

మినరల్, సింథటిక్ తేడాకు దుకాణాల్లో ఇచ్చేంత ప్రాధాన్యం అక్కర్లేదు. సింథటిక్ వేడికి ఎక్కువకాలం ఆగుతుంది, నిజమే. కానీ సరైన చిక్కదనం, సరైన గుర్తు ఉన్న మామూలు నూనెను వేళకు మార్చడం, ఖరీదైన నూనె పోసి మరచిపోవడం కన్నా ఎన్నో రెట్లు మేలు. యాక్టివా లాంటి బళ్లలో కాగితపు ఫిల్టరు ఉండదు, సన్నటి జల్లెడే ఉంటుంది. నలుసులు నూనెలోనే తిరుగుతాయి కాబట్టి గడువు దాటనివ్వకూడదు. మోడల్‌ను బట్టి కంపెనీలు 3 వేల నుంచి 6 వేల కిలోమీటర్లకు మార్చమంటాయి. రోజూ ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండి ఇంజన్ సరిగా వేడెక్కదు. తేమా పెట్రోలూ నూనెలో చేరతాయి. ఆ బండికి కిలోమీటర్లు కాదు, నెలలు లెక్క. నూనె నల్లబడటం చెడిపోయిందనడానికి గుర్తు కాదు, మసిని కడుగుతోందని అర్థం.

మట్టం చూసేటప్పుడు బండిని సమంగా ఉన్న నేలమీద సెంటర్ స్టాండ్ వేయాలి. ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపి, కొద్ది నిమిషాలు ఆగాక నూనె కొలిచే పుల్లను తీసి తుడవాలి. హోండా బళ్లలో దాన్ని మర తిప్పకుండా ఊరికే లోపల పెట్టి తీయాలి. తడి రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటకూడదు. వెనక చక్రం దగ్గర వంద మిల్లీలీటర్లకు అటూ ఇటూగా పట్టే గేర్ ఆయిల్ వేరే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు, దాన్ని మార్పించే వాళ్లు ఇంకా తక్కువ. ఆయిల్ ఎంపికకు ఎవరి సలహా కన్నా బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

తీసేసిన నూనె ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. దాన్ని మోరీలో గానీ, మట్టిలో గానీ పోయకండి, సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఖాళీ డబ్బాలో నకిలీ నూనె నింపి అమ్మకుండా, పారేసే ముందు దానికి చిల్లు పెట్టండి.