నానీ నజ్లా, నానీ చక్కర్

మా నానీది పెద్దారవీడు. జిందగీ అంతా మార్కాపురం పలకల దుమ్ములోనే గడిచింది. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. సజ్దా నుంచి లేస్తే కళ్లు తిరిగేవి. ఎవరడిగినా ఒకటే జవాబు: "నజ్లా బేటా, దాంతోనే చక్కర్ వస్తోంది."

ఆ జవాబు వెనక వెయ్యేళ్ల తారీఖ్ ఉంది. అరబీలో 'నుజూల్' అంటే దిగడం. తలలో చేరిన మవాద్ ముక్కులోకి దిగితే జుకామ్, గొంతులోకీ ఛాతీలోకీ దిగితే నజ్లా అన్నారు యునానీ హకీములు. 1037లో ఇంతెకాల్ అయిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో కళ్లు తిరిగే బీమారీ గురించి 'దవార్' పేరుతో వేరుగా రాశాడు. తలలో ఆవిర్లు సుళ్లు తిరిగితే లోకమే తిరుగుతున్నట్టు అనిపిస్తుందన్నాడు. మేదా చెడినా చక్కర్ రావచ్చని కూడా చెప్పాడు. మనవాళ్లు నజ్లా ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

1970 దాకా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఇలాజ్ కోసం మా బుజుర్గులు కర్నూలు హకీముల దగ్గరికే పోయేవారు. వాళ్ల మాటలు మా ఇళ్లల్లో అట్లా నిలిచిపోయాయి.

యూరప్‌లో ఈ లెక్క నెమ్మదిగా మారింది. ముక్కు వెనక నుంచి చెవికి పోయే సన్నని గొట్టాన్ని 1560ల్లో ఇటలీ హకీం యుస్టాకియో వర్ణించాడు. చీమిడి దిమాగ్‌లోంచి దిగదని, ముక్కు లోపలి పొరలోనే పుడుతుందని 1660ల్లో జర్మనీకి చెందిన ష్నైడర్ తేల్చాడు. చక్కర్ లోపలి చెవి నుంచి కూడా వస్తుందని 1861లో పారిస్‌లో మెనియేర్ చెప్పాడు.

అంటే ముక్కుకీ చక్కర్‌కీ రిష్తా ఉంది, దారే వేరు. పాత సైనస్ వాపుతో ఆ గొట్టం మూసుకుపోతే చెవిలో గాలి ఒత్తిడి తప్పుతుంది. చెవి దిబ్బడేస్తుంది, కొందరికి నడకలో తూలు వస్తుంది.

కానీ మా నానీ సంగతి అదీ కాదు. ఒకరోజు ఫజర్ నమాజులో లేస్తూ పడింది, మణికట్టు విరిగింది. అప్పుడుగానీ చెవి డాక్టరుకు చూపించలేదు. ఆయన పడుకోబెట్టి, తల పక్కకు తిప్పి, కళ్లు చూశాడు. లోపలి చెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు తప్పాయన్నాడు. 1992లో ఎప్లీ అనే అమెరికా డాక్టరు ప్రకటించిన పద్ధతిలో తలను మెల్లగా నాలుగు వైపులా తిప్పాడు. వారంలో చక్కర్ పోయింది. ముక్కు దిబ్బడ మాత్రం అట్లాగే ఉంది!

పదేళ్లు ఆవిరి పట్టించాం, జోషాందా తాగించాం. ఒక్కసారి కూడా "ఎప్పుడు తిరుగుతుంది నానీ? ఎంతసేపు?" అని అడగలేదు. ఆ అఫ్సోస్ నాకింకా ఉంది.

మీ ఇంట్లో బుజుర్గులకు చక్కర్ వస్తుంటే ఆ రెండు సవాళ్లు అడగండి. బీపీ, షుగర్, రక్తం చూపించండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా నజ్లా అనుకుని కూర్చోకండి. వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి.