ఇత్తడి బిందె నుంచి బిట్‌కాయిన్ దాకా: మన డెల్టాలో తాకట్టు చరిత్ర

పోస్టు పెద్దదే. కానీ చివరిదాకా చదవండి, ముఖ్యంగా హాస్టల్లో ఉండి ఫోన్లో డబ్బు సంపాదించాలని చూస్తున్న తమ్ముళ్లు.

పోయిన వారం బందరు హాస్టల్లో నా పక్క మంచం తమ్ముడు ఒక యాప్ చూపించాడు. గుడివాడ వైపు నుంచి వచ్చిన ఎరుకల కుర్రాడు, డిగ్రీ మొదటి సంవత్సరం. "అన్నా, ఇందులో బిట్‌కాయిన్ తాకట్టు పెడితే ఎవరో ముక్కూ మొహం తెలియనోళ్లు మనకి అప్పిస్తారంట. జామీను అడగరు, కులం అడగరు, జీతం చీటీ అడగరు" అన్నాడు. అప్పు పుట్టని ఇంట్లో పుట్టినోళ్లకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటదో నాకు తెలుసు. వెంటనే వద్దు అనలేకపోయాను. అసలు తాకట్టు అంటే ఏంటో, మన ప్రాంతంలో అది ఎట్లా నడిచిందో వెతుక్కుంటూ పోయాను. ఆ వెతుకులాటే ఈ వ్యాసం.

మాది నాగాయలంక దగ్గర యానాదుల పేట. మా ఇంట్లో నేనే మొదట కాలేజీ గడప తొక్కింది. నాకు ఊహ తెలిసేనాటికి మా అమ్మకి ఒక ఇత్తడి బిందె ఉండేది. వానాకాలంలో అది ఇంట్లో ఉండేది కాదు. వేట సాగని రోజుల్లో షావుకారు కొట్టుకి పోయేది, ఎండ్రకాయలు బాగా పడ్డ నెలలో తిరిగొచ్చేది. నూటికి ఐదు రూపాయల వడ్డీ. ఒక ఏడు పోయింది, మళ్లీ రాలేదు. తీసుకున్న అప్పు కంటే బిందె ఖరీదు ఎక్కువే. ఆ మిగులు డబ్బు మాకు రావాలని అప్పుడు మాకెవరికీ తెలియదు.

చట్టం మాత్రం ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం, తాకట్టు వస్తువు అమ్మే ముందు పెట్టినోడికి తగిన నోటీసు ఇవ్వాలి. అమ్మగా అప్పు పోను మిగిలింది వాడికే ఇచ్చేయాలి. ఈ సెక్షన్ నెంబరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

చదివేకొద్దీ నాకు ఒకటి అర్థమైంది. ఏ అప్పునైనా మూడు ప్రశ్నలతో కొలవొచ్చు. తాకట్టు ఏంటి? అది ఎవరి చేతిలో ఉంటది? తుపాను వస్తే నష్టం ఎవరి మీద పడుద్ది? మనం సముద్రం పక్క మనుషులం కాబట్టి మూడో ప్రశ్నే మనకి ముఖ్యం.

బందరు ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. 1605 ప్రాంతంలో డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లీషు వాళ్లు ఇక్కడికి వచ్చారు. ఆ కాలంలో కోరమాండల్ తీరం వ్యాపారుల్లో ఒక రకం అప్పు నడిచేది. ఓడలో ఎక్కించిన సరుకే తాకట్టు. ఓడ క్షేమంగా తిరిగొస్తే అసలు, వడ్డీ కట్టాలి. ఓడ మునిగిందా, అప్పు కూడా దాంతోనే మునిగినట్టు. అంటే తుపాను నష్టం అప్పిచ్చినోడిది. అందుకే వడ్డీ బాగా ఎక్కువ తీసుకునేవాడు. వడ్డీ ఎందుకు ఎక్కువ అంటే జవాబు ఉండేది అక్కడ.

అదే రేవులో నేతగాళ్ల సంగతి వేరు. కంపెనీ వ్యాపారులు ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్లు. అడ్వాన్సు తీసుకున్న నేతగాడు బట్ట ఆ వ్యాపారికే వేయాలి. వాడి దగ్గర ఓడ లేదు, సరుకు లేదు. వాడి చేతులే తాకట్టు.

తర్వాత నీళ్లు వచ్చాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, డెల్టాలో భూమికి విలువ వచ్చింది. విలువ వచ్చిందంటే తాకట్టుకి పనికొచ్చిందని అర్థం. పొలం ఉన్నోడికి అప్పు పుట్టింది, అప్పుతో ఇంకో పొలం వచ్చింది. మనోళ్లకి కాలవ పక్కన గుడిసె వచ్చింది, పట్టా రాలేదు. పట్టా లేకపోతే తాకట్టు లేదు, తాకట్టు లేకపోతే అప్పు లేదు. డెల్టా అంతా పచ్చబడినా మనం ఎందుకు పచ్చబడలేదంటే ఒక కారణం ఇదే అని నా అభిప్రాయం.

1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు ప్రాంతంలో ముప్పై వేల మంది దాకా చనిపోయారని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన మన పెద్దోళ్లు కళ్లారా చూసిందే. పదివేల మందికి పైగా పోయారు. పశువులు, పడవలు, ఇళ్లు, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. ఈ రెండు తేదీలు ఎందుకు చెప్తున్నానంటే, తాకట్టు వస్తువు విలువ నిలకడగా ఉంటదని నమ్మే హక్కు మన సీమ మనుషులకి ఎప్పుడూ లేదు.

1923లో బందరులోనే డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. నవంబరు 20న రిజిస్టరైంది, 28న పని మొదలైంది. 1980లో జాతీయం అయ్యింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు చేసే పని ఏంటి? వందల మంది డబ్బు దాచుకుంటారు, బ్యాంకు దాన్ని ఇంకొకరికి అప్పిస్తది. ఆ ఇంకొకరు ఎగ్గొడితే దెబ్బ ముందు బ్యాంకుకి తగులుద్ది, దాచుకున్నోడికి కాదు. మధ్యలో గోడలాగా నిలబడుద్ది. ఈ గోడ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

బ్యాంకు గడప ఎక్కలేనోళ్లు ఏం చేశారు? మనిషినే తాకట్టు పెట్టారు. నాయన తీసుకున్న అడ్వాన్సుకి కొడుకు పాలేరుగా పోవడం మన ఇళ్లలో కథ కాదు, జ్ఞాపకం. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ అప్పులన్నీ చెల్లవని చెప్పింది. అయినా మా నాయన రొయ్యల చెరువు కాపలాకి అడ్వాన్సు తీసుకుని, అది తీరదాకా రెండేళ్లు చెరువు గట్టు దాటలేదు. కాయితం మీద రాయలేదు కాబట్టి దాన్ని ఎవరూ తాకట్టు అనలేదు.

తర్వాత మైక్రోఫైనాన్స్ వచ్చింది. వస్తువు తాకట్టు లేదు, అయిదారుగురు ఆడోళ్లు ఒకరికొకరు పూచీ. చాలా మంచిదనే అనుకున్నారు. కానీ ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. అంటే తాకట్టు పెట్టింది పరువుని. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే గొడవ ముదిరి, వేధింపుల ఫిర్యాదుల మీద అధికారులు యాభై దాకా మైక్రోఫైనాన్స్ శాఖల్ని మూయించారు. 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం దీని మీద ఆర్డినెన్సు తెచ్చింది. ప్రపంచమంతా చర్చించిన ఆ సంక్షోభం మొదటి అంకం మన జిల్లాలోనే జరిగింది.

ఇప్పుడు తమ్ముడి యాప్ దగ్గరికి వద్దాం.

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. కొంతమంది దగ్గర కాయిన్లు పోగయ్యాయి. వాళ్లకి ఖర్చుకి డబ్బు కావాలి, కానీ రేటు పెరుగుద్దనే ఆశతో కాయిన్ అమ్మడం ఇష్టం లేదు. మా అమ్మ బిందె అమ్మకుండా తాకట్టు పెట్టినట్టే అన్నమాట. 2017లో ఫిన్లాండులో స్టాని కులెచోవ్ అనే లా విద్యార్థి ఈత్‌లెండ్ అని మొదలుపెట్టాడు. అప్పు కావాల్సినోడు కాయిన్లు తాకట్టు పెడతాడు, ఇచ్చేటోడు షరతులు చూసి ఇస్తాడు. మనిషికీ మనిషికీ నేరుగా. మధ్యలో బ్యాంకు లేదు, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటది. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. తాకట్టు దాని దగ్గర లాక్ అయిద్ది. తర్వాత అదే ఆవే అని పేరు మార్చుకుని, ఒకరికొకరు కాకుండా అందరి డబ్బు ఒక చెరువులో పోసి అందులోంచి అప్పిచ్చే పద్ధతికి మారింది.

లెక్క ఇట్లా ఉంటది. లక్ష రూపాయల కాయిన్ పెడితే యాభై వేలు ఇస్తారు అనుకుందాం. రేటు పడి అప్పు, తాకట్టు విలువలో నూటికి ఎనభై వంతులకి చేరితే ప్రోగ్రామ్ తాకట్టుని అమ్మేస్తది. అంటే కాయిన్ విలువ 62,500కి పడగానే. యాభై వేలు అప్పుకి పోయె, జరిమానా ఐదు శాతం అంటే 2,500 పోయె, వడ్డీ సంగతి పక్కన పెడితే మిగిలేది పదివేలు. రేపు రేటు మళ్లీ లక్షకి వచ్చినా కాయిన్ నీది కాదు. నోటీసు లేదు, గడువు లేదు, షావుకారు కాళ్లు పట్టుకునే వీలు కూడా లేదు. అర్ధరాత్రి నువ్వు నిద్రలో ఉండగా అయిపోద్ది. 176వ సెక్షన్ చెప్పే తగిన నోటీసు ఆ ప్రోగ్రామ్‌లో ఒక లైను కూడా లేదు.

ఇది ఊహ కాదు. 2020 మార్చి 12న కరోనా భయంతో ఈథర్ రేటు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడిపోయింది. మేకర్ అనే వేదికలో తాకట్లు వేలానికి వచ్చాయి. నెట్‌వర్క్ రద్దీలో పోటీ పాడేవాళ్లు లేక, కొందరు సున్నా పాటకే ఎనభై లక్షల డాలర్లకు పైగా విలువైన ఈథర్ ఎత్తుకుపోయారు. కొంతమంది అప్పుదారులకి మిగులు ఒక్క పైసా రాలేదు. బిందె కథే, కాకపోతే డాలర్లలో.

అప్పిచ్చే వైపు ఉంటే క్షేమమా? ప్రోగ్రామ్ కాకుండా కంపెనీ చేతిలో కాయిన్లు పెట్టినోళ్లని అడగాలి. అమెరికాలో సెల్సియస్ అనే కంపెనీ 2022 జూన్ 12న ఎవరి డబ్బూ తీసుకోవడానికి లేదని ఆపేసింది, జులై 13న దివాలా పిటిషన్ వేసింది. వడ్డీ ఖాతాలో వేసిన కాయిన్లు షరతుల ప్రకారం కంపెనీవే, వేసినోళ్లవి కావని 2023 జనవరిలో అక్కడి దివాలా కోర్టు తేల్చింది. షరతులన్నీ చదవకుండా ఒప్పుకున్నాం అని నొక్కినందుకు ఫలితం అది. గోడ లేకపోతే ఇంతే.

మన దేశంలో సంగతేంటి? మనిషి నుంచి మనిషికి అప్పిప్పించే వేదికలకి రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో నిబంధనలు పెట్టింది. రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒకరు ఒకరికి యాభై వేలు మించి ఇవ్వకూడదు, గడువు 36 నెలలు దాటకూడదు. ముఖ్యమైంది ఏంటంటే, ఈ వేదికల్లో తాకట్టు అప్పులే ఉండకూడదు. అంటే కాయిన్ తాకట్టు పెట్టుకుని అప్పిప్పించే యాప్ రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న పీ2పీ వేదిక అని చెప్పుకుంటే అది అబద్ధం. క్రిప్టో కొనడం నేరం కాదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి సేవలు ఇవ్వకూడదన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద ముప్పై శాతం పన్ను ఉంది. ఒక కాయిన్లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకునే వీలు కూడా లేదు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. తాకట్టు ఏంటి? గంట గంటకీ రేటు మారే కాయిన్. ఎవరి చేతిలో? ప్రోగ్రామ్ చేతిలో, లేదా ఎక్కడో ఉన్న కంపెనీ చేతిలో. తుపాను వస్తే? ముందు అప్పు తీసుకున్నోడి మీద, గోడ కూలితే అప్పిచ్చినోడి మీద కూడా. నాలుగొందల ఏళ్ల కిందటి ఓడ అప్పులో తుపాను పంచుకునే ఒప్పందమైనా ఉంది. ఇందులో అది లేదు.

తమ్ముడు చెప్పిన మాట ఒకటి నిజం. ఆ యాప్ కులం అడగదు. కానీ ముందు ఆస్తి అడుగుద్ది. లక్ష ఉన్నోడికే యాభై వేలు ఇస్తది. లేనోడికి రూపాయి ఇవ్వదు. ఆనకట్ట కట్టినప్పుడు పొలం ఉన్నోడికి అప్పు పుట్టినట్టే ఇది కూడా.

మరి మా తమ్ముడి దగ్గర కాయిన్ ఎక్కడిది? లేదు. వాళ్లమ్మ కమ్మలు గుడివాడలో బంగారం మీద అప్పు ఇచ్చేచోట పెట్టి, వచ్చిన ముప్పై వేలతో కాయిన్ కొని, అది తాకట్టు పెట్టి పదిహేను వేలు తెచ్చి, దాంతో మళ్లీ కాయిన్ కొనాలని వాడి ప్లాను. ఇద్దరం కాయితం మీద లెక్క వేశాం. రేటు నలభై శాతం పడితే మొదటి కాయిన్ వేలంలో పోయి రెండు మూడు వేలు మిగులుద్ది. రెండోది పదిహేను నుంచి తొమ్మిది వేలకి దిగుద్ది. చేతిలో పన్నెండు వేల లోపు. గుడివాడలో అప్పు ముప్పై వేలు అట్లాగే ఉంటది, వడ్డీతో. కమ్మలు వాళ్లమ్మవి.

లెక్క చూసి వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి నువ్వు చెప్పు అన్నా, మనకి అప్పు ఎవడిస్తాడు?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నెలకి కొంత దాచుకుని తక్కువ వడ్డీకి మనలో మనమే ఇచ్చుకునే పొదుపు సంఘం ఒకటి దగ్గరగా అనిపిస్తది. అందులో ఇచ్చేటోడి మొహం, తీసుకునేటోడి మొహం రెండూ తెలుసు, కష్టం వస్తే గడువు అడగొచ్చు. మన హాస్టల్లో ముప్పై మంది కలిస్తే ఫీజు కట్టే నెలలో ఒకరికి ఆదుకునేంత అయినా పోగవుద్ది. దీని మీద పెద్దోళ్లు, ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు దారి చెప్పండి.

ఇంకొక పని కూడా చేద్దాం. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని, నాయనమ్మని ఒక మాట అడగండి. మన ఇంట్లోంచి ఏం తాకట్టు పోయింది, అది తిరిగొచ్చిందా అని. కడియమా, బిందెనా, మేకనా, మనిషా. కింద రాయండి. ఎవరి పేరూ పెట్టొద్దు, వస్తువు పేరు, ఊరు, ఏడు చాలు. బ్యాంకుల చరిత్ర పుస్తకాల్లో ఉంది. మనది ఇంకా ఎవరూ రాయలేదు.

నాది నేను ముందు రాస్తున్నాను. ఇత్తడి బిందె. నాగాయలంక దగ్గర. నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు. తిరిగి రాలేదు.