విశిష్టోష్ణం

కిలో పదార్థం ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి కావలసిన వేడి. స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 18వ శతాబ్దంలో ఈ భావనకు పునాది వేశాడు. నీటికిది 4,186 జౌళ్లు; అల్యూమినియానికి సుమారు 900, పొడి ఇసుకకు 800, ఇనుముకు 450, రాగికి 385.

ఆంధ్రప్రదేశ్ పాత పదో తరగతి పాఠ్యపుస్తకం ఫ్రిజ్‌లోంచి తీసిన పుచ్చకాయ ఎందుకు చాలాసేపు చల్లగా ఉంటుందో విశిష్టోష్ణంతో వివరించింది. మామిడి పండించే నూజివీడువాళ్లు రాసి ఉంటే తమ చిన్నరసం మామిడినే ఉదాహరణగా తీసుకునేవారు. మామిడిపండులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే. అందుకే దాని విశిష్టోష్ణం దాదాపు 3,700 జౌళ్లు. ఎండకు 35 డిగ్రీలకు చేరిన టన్ను కాయల్ని శీతల గిడ్డంగిలో 13 డిగ్రీలకు దించాలంటే సుమారు 81 మెగాజౌళ్ల వేడిని లాగేయాలి. అదే బరువు ఇనుముకైతే 10 చాలు. కాయలు కోసిన తర్వాత కూడా శ్వాసిస్తూ వేడి పుట్టిస్తాయి; అది ఈ లెక్కకు అదనం.

కాయల్ని వేడి చేసేటప్పుడూ ఇదే సూత్రం. పండుఈగ గుడ్లు, పురుగులు చావడానికి ఐరోపాకు పంపే కాయల్ని 48 డిగ్రీల నీటిలో గంటసేపు ముంచుతారు. అంతసేపు ఎందుకంటే, వేడి టెంక దాకా పాకడానికి సమయం పడుతుంది. చల్లటి కాయలు పడగానే తొట్టిలోని నీటి ఉష్ణోగ్రత తగ్గుతుంది. కాయలతో పోలిస్తే నీరు ఎంత ఎక్కువుంటే ఆ తగ్గుదల అంత తక్కువ.