ముట్టుకోకుండా నాడి చూడటం

"ఆ కోడ్ ముట్టుకోవద్దు". మనలో చాలామంది ఉద్యోగంలో చేరగానే విన్న మొదటి ఆజ్ఞ ఇదే అనుకుంటా. 2006లో నా నెత్తిన పడ్డ జావా అప్లికేషనూ అలాంటిదే. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. అర్ధరాత్రి చచ్చిపోయేది, పొద్దున క్లయింటు ఫోన్ చేస్తేగానీ మాకు తెలిసేది కాదు. దాని ఆరోగ్యం మీద ఓ కన్నేసి ఉంచాలి, కానీ సోర్సు మీద చెయ్యి పడకూడదట!

అలా ఆస్పెక్ట్‌ల జోలికి వెళ్ళాను. వీటి పుట్టిల్లు జిరాక్స్ వాళ్ళ పార్క్ పరిశోధనశాల. గ్రెగర్ కిజాలెస్ బృందం 1997లో ఫిన్లాండులో జరిగిన ఈకూప్ సదస్సులో పేపర్ సమర్పించింది. కొన్ని పనులు ఏ ఒక్క మాడ్యూల్‌లోనూ ఇమడవు, ప్రోగ్రామంతా చెదిరిపోతాయి అన్నది వాళ్ళ ఫిర్యాదు. లాగింగు సంగతే చూడండి, ఏ క్లాసు తెరిచినా అదే గోల. దాన్ని విడిగా ఒకచోట రాసి, ఎక్కడెక్కడ అతకాలో పాయింట్‌కట్‌తో చెబితే మిగతా నేతపని వీవర్‌ది. (పేరు పెట్టినవాడికి మగ్గం తెలుసేమో!)

ఆస్పెక్ట్‌జె 2002లో ఎక్లిప్స్ గూటికి చేరింది. నా ప్రాణానికి హాయిగా అనిపించింది మాత్రం 2004లో వచ్చిన జావా 5. క్లాసు లోడయ్యేటప్పుడే బైట్‌కోడ్ మార్చేందుకు ఏజెంటు అనే రాజమార్గం, లెక్కలు బయటికి చూపించేందుకు జెఎంఎక్స్, రెండూ అందులోనే వచ్చాయి. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఒక అంకె, తిరిగిచ్చినప్పుడు ఒక అంకె లెక్కపెట్టే చిన్న ఆస్పెక్ట్ రాశాను. మూడు రాత్రుల్లో దొంగ దొరికాడు. ఒక రిపోర్టులో ఎక్సెప్షన్ వస్తే కనెక్షన్ పూల్‌కి తిరిగి వెళ్ళట్లేదు. అన్నాళ్ళూ తిట్లు తిన్నది పాపం డేటాబేస్ అతను.

ఇప్పుడు ఆస్పెక్ట్‌ల పేరెత్తితే కుర్రాళ్ళు నవ్వుతారు. కానీ 2019లో మొదలైన ఓపెన్‌టెలిమెట్రీ వారి జావా ఏజెంటు దూరేది కూడా ఆ గుమ్మంలోంచే కదా?

అన్నట్టు, గొప్పలతో ఆపేస్తే అబద్ధమవుతుంది. ఆర్నెల్ల తర్వాత ముట్టుకోవద్దన్న ఆ కోడే ఎవరో ముట్టుకున్నారు, ప్యాకేజీ పేరు మార్చారు. నా పాయింట్‌కట్‌కి ఏదీ తగల్లేదు. తీసుకున్నవి సున్నా, ఇచ్చినవి సున్నా, తేడా సున్నా. తెర మీద అంతా పచ్చగా ఉంది, సిస్టమ్ మాత్రం పడుకుంది. ఈసారి తిట్లు నాకు. పగటిపూట లెక్క సున్నా అయితే ఎర్రగా చూపించమని ఆ రాత్రే ఇంకో నాలుగు లైన్లు రాశాను.