సభ ఎక్కడ పెట్టాలి? – వాల్తేరు మెట్ట చెప్పే చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. రాజులూ యుద్ధాలూ నాకు అంతగా తెలియవు. ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి. అందుచేత ఫైళ్లలో తరచు ఎదురయ్యే ఒక చిన్న ప్రశ్ననే తీసుకున్నాను: సభ ఎక్కడ పెట్టాలి?

మన విశాఖపట్నంలో పెట్టుబడిదారుల సభ, వర్తకుల సమావేశం వంటివి పెద్ద ఎత్తున జరిగాయంటే, అవి చాలావరకు వాల్తేరు మెట్ట మీదనో, మెట్ట దిగువన బీచ్ రోడ్డు మీదనో జరిగి ఉంటాయి. పాతఊరిలో జరగవు, మన కూర్మన్నపాలెం వైపు అసలే జరగవు. ఇది ఎవరో ఒక అధికారి ఒక రోజున తీసుకున్న నిర్ణయం కాదు. దీని వెనుక దాదాపు నూట యాభై ఏళ్ల కథ ఉంది. ఆ కథలో నా చేతి రాత కూడా రెండు మూడు పంక్తులు ఉన్నది గనుక చెప్పే సాహసం చేస్తున్నాను.

మొదట ఊరంటే పాతఊరే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. కోట పోయింది గాని కోటవీధి పేరు మిగిలింది. ఇక్కడి నేతబట్టలు ఓడలెక్కి విదేశాలకు వెళ్లాయి. దంతం తాపడం చేసిన విశాఖ పెట్టెలు, బల్లలు దొరల ఇళ్లకు చేరాయి. 1890ల నుంచి విజయనగరం పరిసరాల మాంగనీసు ఖనిజం కూడా ఈ రేవు నుంచే పోయింది. అప్పటికి హార్బరు లేదు. ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవి, సరుకును మసులా పడవల మీద కెరటాలు దాటించి ఎక్కించేవారు. వర్తకుడు, పడవ సరంగు, కస్టమ్సు గుమాస్తా, కూలీ అందరూ ఒకరికొకరు నడక దూరంలో బతికేవారు. వ్యాపారం మాట్లాడుకోవాలంటే వేరే చోటు వెతుక్కోనక్కరలేదు.

ఆ ఊరికి తగిన సభాభవనంగా 1904లో టౌన్‌హాలు వెలిసింది. బొబ్బిలి రాజావారి దానంతో, సముద్రం వైపు ముఖం పెట్టి, బజారుకు దగ్గరగా కట్టారు. అందులో కూర్చున్న పెద్దమనిషికి కిటికీలోంచి చూస్తే సరుకు, మూటలు మోసే మనిషి ఇద్దరూ కనిపించేవారు. ఈ ఒక్క మాట పాఠకులు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను. మిగతా వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అయితే పాతఊరికి ఒక బాధ ఉండేది. దాని పక్కనే ఉప్పుటేరు, బురద నేల, దోమలు. ఇప్పుడు హార్బరు ఉన్న చోటు ఒకప్పుడు ఆ చిత్తడి నేలే. జ్వరాలకు భయపడి దొరలు ఉత్తరాన ఎర్రమట్టి మెట్ట ఎక్కారు. అక్కడ గాలి బాగుంటుంది, సముద్రం కనిపిస్తుంది, జనం తక్కువ. అదే వాల్తేరు. 1883లో వాల్తేరు క్లబ్బు ఏర్పడింది. మన్యం రాజులు, జమీందారులు కూడా ఆ చుట్టుపక్కల, సముద్రపు ఒడ్డున బంగళాలు, మహళ్లు కట్టుకున్నారు. బీచ్ రోడ్డులోని హవామహల్ జయపురం మహారాజులదే. 1893లో తూర్పు తీరం రైలు వచ్చినప్పుడు స్టేషనుకు కూడా వాల్తేరనే పేరు పెట్టారు. విశాఖపట్నం అనే పేరు ఆ స్టేషనుకు 1987లో గాని రాలేదు. ఊరు ఒకటి, బోర్డు మీద పేరు ఇంకొకటి! మనలో చాలామంది ఆ పాత పేరుతోనే టిక్కెట్లు కొన్నవాళ్లం.

దొరల పేటకు చదువుల పేరు తెచ్చినది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆ తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో ఆ మెట్టకు దేశమంతటా గౌరవం వచ్చింది. 1933 డిసెంబరులో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక, విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరుకు తరలిపోయి యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది. ఈ విధంగా గాలి, హోదా, చదువు మూడూ కలిసి వాల్తేరును 'పెద్దవాళ్లు వస్తే చూపించవలసిన చోటు'గా నిలబెట్టాయి.

ఇక రెండో వైపు చూడండి. చిత్తడి నేల తవ్వి కట్టిన హార్బరులోకి 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే మొదటి ఓడ వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ గారు ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ గారు నీళ్లలోకి దించారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1966లో భారీ ప్లేట్లు, వెసెల్సు చేసే బి.హెచ్.పి.వి. వచ్చాయి. తరువాత మన ఉక్కు కర్మాగారం. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో ఉద్యమం లేచి 32 మంది ప్రాణాలు పోగా, 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారి చేత శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారి చేత జాతికి అంకితం జరిగాయి. ఆ తరువాత పరవాడ, గంగవరం, అచ్యుతాపురం.

పటం తీసి ఈ పేర్లన్నింటి మీద వేలు పెట్టుకుంటూ పోతే, వేలు దక్షిణానికే జరుగుతుంది. సభలు జరిగిన చోట్ల మీద పెట్టుకుంటూ పోతే, వేలు ఉత్తరానికి జరుగుతుంది. టౌన్‌హాలు, తరువాత వాల్తేరు, ఇప్పుడు ఋషికొండ కూడా. పని దక్షిణానికి, పలుకు ఉత్తరానికి! నేను చెప్పదలచిన చరిత్ర ఇంతే.

గత పదేళ్ల సంగతే చూద్దాం. 2016 జనవరి 10 నుంచి 12 వరకు జరిగిన భాగస్వామ్య సదస్సు బీచ్ రోడ్డు పక్కన హార్బర్ పార్కు వద్ద ఏపీఐఐసీ మైదానంలో జరిగింది. 2023 మార్చి 3, 4 తేదీల ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు, 2025 నవంబరు 14, 15 తేదీల భాగస్వామ్య సదస్సు రెండూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల మైదానంలో జరిగాయి. 2023 మార్చి నెలాఖరులో జి-20 దేశాల మౌలిక సదుపాయాల సమావేశం ఋషికొండ వైపు హోటల్లో జరిగింది. ప్రభుత్వాలు మారినా చోటు మాత్రం పెద్దగా మారలేదు.

న్యాయంగా చెప్పాలంటే, ఈ ఎంపికకు కారణాలు లేకపోలేదు. వేలమంది పట్టే ఖాళీ మైదానం ఊరి నడుమ ఇంకెక్కడ ఉంది? నాలుగడుగుల్లో పెద్ద హోటళ్లు, వెడల్పైన రోడ్లు, భద్రతకు అనువైన ప్రాకారాలు ఉన్నాయి. వచ్చిన అతిథి సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచి, కురుసుర జలాంతర్గామి చూసి, ఊరి మీద మంచి మాటతో తిరిగి వెళతాడు. పాతఊరి సందుల్లో రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అంచేత వాల్తేరును ఎంచుకోవడం తప్పని నేననను. తప్పు ఎక్కడుందో నా అనుభవం ఒకటి చెబితే తెలుస్తుంది.

1993 ప్రాంతంలో నేనొక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న పరిశ్రమల వారిని పిలిచి, ఆర్డర్లు ఎలా పొందాలో చెప్పే సభ ఒకటి తలపెట్టారు. చోటు ఎంపికకు నోటు పెట్టమన్నారు. నేను శ్రద్ధగా మూడు గళ్ల పట్టిక గీశాను. పాతఊరు, వాల్తేరు, గాజువాక. పిలవబోయే వారిలో ఎక్కువమంది షెడ్లు గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కలే ఉన్నందున గాజువాకలో పెట్టుట సబబు అని రాశాను. ఫైలు తిరిగి వచ్చింది. నా పంక్తి మీద అడ్డగీత, మార్జిన్‌లో 'వాల్తేరు' అని ఒక్క మాట. కారణం రాయలేదు. అడిగే అలవాటు మనకు లేదు గదా!

సభ రోజున గేటు దగ్గర పేర్లు రాసుకునే పని నాదే. పిలిచినవారిలో సగం మంది కూడా రాలేదు. షెడ్డు మూసుకుని రెండు బస్సులు మారి రావాలంటే ఒక రోజు కూలీలు, కరెంటు, పని అన్నీ పోతాయి. ఒకాయన ఉతికిన చొక్కా వేసుకుని, చేతిసంచిలో తాను తయారు చేసిన ఇనుప ముక్కలు రెండు నమూనాగా పట్టుకుని ఆలస్యంగా వచ్చాడు. బ్యాడ్జీ లేదని కాపలావాడు ఆపేశాడు. బ్యాడ్జీలు అప్పటికే అయిపోయాయి, మిగిలినవి పైవారి మనుషులు పట్టుకుపోయారు. ఆయన నావైపు చూసి, "గురువుగారూ, ఈ మీటింగు మా కోసమేనాండీ?" అన్నాడు. నేను లోపలికి వెళ్లి అడిగి వచ్చేసరికి ఆయన లేడు. అరుగు మీద సంచి పెట్టిన చోట నూనె మరక మాత్రం ఉంది.

ఇక్కడితో ఆగితే తప్పంతా పైవాడిది, నేను మంచివాణ్ణి అవుతాను. అలా కాదు. మరుసటి ఏడాది మళ్లీ అదే సభకు నోటు పెట్టమన్నారు. ఈసారి పట్టిక గీయలేదు. 'గత పర్యాయం మాదిరిగానే వాల్తేరులో జరుపవచ్చును' అని ఒక్క పంక్తి రాసి పంపాను. వెంటనే ఆమోదం వచ్చింది. మన కార్యాలయాల్లో చరిత్ర నడిచేది ఈ 'గత పర్యాయం మాదిరిగానే' అన్న మాట మీదనే. దొరలు దోమలకు భయపడి మెట్ట ఎక్కారు, ఆ కారణం ఎప్పుడో పోయింది. కారణం పోయినా ఆనవాయితీ పోలేదు. దాన్ని నిలబెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

2023 మార్చిలో సదస్సు జరిగిన రెండు రోజులూ టీవీలో చూశాను. సుమారు 13 లక్షల కోట్ల రూపాయల మేర ఒప్పందాలు కుదిరాయని ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే. సాయంత్రం నడకకు కూర్మన్నపాలెం కూడలికి వెళితే, అక్కడ శిబిరంలో ఉక్కు కార్మికులు ఎప్పటిలాగే రిలే దీక్షలో కూర్చుని ఉన్నారు. కర్మాగారం అమ్మకం వద్దని 2021 ఫిబ్రవరిలో మొదలైన శిబిరం అది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. ఆ వివాదంలో ఎవరిది ఒప్పు అన్నది మన పత్రిక పని కాదు. నాకు తట్టిన సంగతి వేరు. ఆ అతిథులు దిగిన విమానాశ్రయం నుంచి వాల్తేరుకు ఎంత దూరమో, మన కూడలికి కూడా ఇంచుమించు అంతే దూరం. అందరి కార్లూ ఒకే వైపు తిరిగాయి. ఉక్కు కోసం అరవైకి పైగా గ్రామాలు భూములిచ్చి ఖాళీ అయిన నేల ఇటువైపు ఉంది. పెట్టుబడి పెట్టేవాడు చూడవలసినది మన సముద్రాన్నేనా, మన చేతిపనిని కూడానా?

అందుచేత నా మనవి చిన్నది. పెద్ద సభ వాల్తేరులోనే జరగనీయండి. కాని రెండో రోజున ఒక పూట పాతఊరి టౌన్‌హాలులో వర్తకులతో కూర్చోవచ్చు. ఇంకొక పూట అతిథులను బస్సుల్లో దక్షిణానికి తీసుకువచ్చి గాజువాక షెడ్లు, ఉక్కునగరం చూపించవచ్చు. చిన్న పరిశ్రమల వారికి పేరు రాసిన బ్యాడ్జీలు ముందే ఇంటికి పంపవచ్చు. వీటిలో దేనికీ కొత్త భవనం అక్కరలేదు. నోటు పెట్టే గుమాస్తా మరొక పంక్తి రాస్తే చాలు.

ఇతరులకు చెప్పేముందు మనం చేయాలి గదా. డిసెంబరు 17 పెన్షనర్ల దినం సభ ఎక్కడ జరపాలన్న చర్చ మన సంఘంలో ప్రతి ఏటా వస్తుంది. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు మనకు అనుకూలంగా తీర్పు చెప్పిన రోజు అది. మెట్ట మీద చల్లని హాలు తీసుకుందామని కొందరంటారు, మర్యాదగా ఉంటుందని. మన సభ్యులలో మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారలేనివారు ఎంతమందో, కుటుంబ పెన్షను తీసుకునే అక్కచెల్లెళ్లు ఎంతమందో కార్యదర్శి గారి రిజిస్టరులో ఉంది. ఈసారి చోటు నిర్ణయించే ముందు ఆ రిజిస్టరు తెరిచి, ఎవరు ఎక్కడుంటున్నారో చూసి, తరువాత హాలు వెతుకుదాం. నోటు నన్ను రాయమంటే రాస్తాను. ఈసారి పట్టిక గీసి మరీ రాస్తాను.