నీలగిరి రైలు: పాలన కోసం ఎక్కిన కొండ

మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన దొరలు ఎండలకు తాళలేకపోయేవారు. 1870 ప్రాంతం నుంచి ఏటా వేసవిలో ప్రభుత్వమే ఊటీకి తరలిపోవడం ఆనవాయితీ అయింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఆ ఏలుబడిలోవే. కాబట్టి ఆ నెలల్లో వాటి పాలన కూడా నీలగిరుల మీది నుంచే సాగేది.

కొండకు రైలు వేయాలన్న ప్రతిపాదన 1854 నాటిది. 1873లో పట్టాలు కొండ అడుగున ఉన్న మెట్టుపాళయం దాకా వచ్చి ఆగిపోయాయి. 1891లో పని మొదలుపెట్టిన కంపెనీ మధ్యలోనే దివాలా తీసింది. వేరే కంపెనీ చేపట్టాక 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు రైలు నడిచింది. దారి పొడవు 46 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున బయలుదేరిన బండి 2,203 మీటర్లకు చేరుకుంటుంది.

ఇంత ఆలస్యానికి డబ్బు ఒక కారణమైతే, ఏటవాలు మరో కారణం. దారిలోని కల్లార్ స్టేషన్ నుంచి కూనూరు దాకా కొన్నిచోట్ల 12 అడుగులు ముందుకు సాగితే అడుగు ఎత్తు ఎక్కాలి. అంత వాలులో మామూలు చక్రం జారిపోతుంది. స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. కల్లార్‌లో బండి ఆగినప్పుడు కిందికి వంగి చూస్తే పట్టాల నడుమ రంపంలా పళ్లున్న రెండు ఇనుప కడ్డీలు కనిపిస్తాయి. ఒకదాని పన్ను ఎదుట రెండోదాని సందు ఉంటుంది. అందువల్ల ఇంజిన్ కింది పళ్ల చక్రానికి ఎప్పుడూ పట్టు తప్పదు. ఇంజిన్‌లోని ఆవిరి రెండుసార్లు పనిచేస్తుంది. మొదట మామూలు చక్రాలను తిప్పి, పీడనం తగ్గాక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది.

ఎక్కేటప్పుడు ఇంజిన్ వెనక ఉండి బోగీలను నెడుతుంది. లంకె తెగినా బోగీలు లోయలోకి జారకుండా అదే అడ్డు. అయితే డ్రైవరుకు ముందు దారి కనబడదు. అందుకే బోగీల ముందు వసారాల్లో బ్రేకుమనుషులు నిలబడి జెండాలు ఊపుతారు. దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజిన్ నీళ్లు తాగేలోపు ప్రయాణికులు దిగి టీ తాగుతారు, కోతులు వాళ్ల చేతుల్లోని పొట్లాల కోసం కాచుకుంటాయి.

కూనూరుతో పళ్ల కడ్డీలు అయిపోతాయి, అక్కడ డీజిల్ ఇంజిన్ తగిలిస్తారు. తర్వాత వచ్చే స్టేషన్లు వెల్లింగ్టన్, అరవంకాడు. ఒకటి సైనిక స్థావరం, మరొకటి మందుగుండు కర్మాగారం ఉన్న ఊరు. కిటికీలోంచి తేయాకు తోటలు చూసే మనకు ఈ దారి విహారం, వేసినవాళ్లకు మాత్రం రాజ్యావసరం.

ఆ అవసరం తీరిపోయింది. ఎక్కడానికి రైలుకు దాదాపు ఐదు గంటలు పడుతుంది, బస్సు అంతకన్నా చాలా ముందే చేరుస్తుంది. అయినా 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తిరుచిరాపల్లి పొన్మలై వర్క్‌షాపులో ఈ తరహా ఆవిరి ఇంజిన్లను కొత్తగా తయారుచేశారు. పాత ఇంజిన్‌ను మ్యూజియంలో నిలబెట్టడం తేలిక. దాన్ని తయారుచేసే, నడిపే పనితనాన్ని చేతుల్లో నిలుపుకోవడమే కష్టం. నీలగిరి రైలు ఘనత అక్కడుంది.