రేనాటి అక్షరానికి ఖాళీగా మిగిలిన పీట



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు శాసనాలలోని పేరు రేనాడు. ఇక్కడి రేనాటి చోళులు ఆరవ శతాబ్దిలోనే తెలుగులో శాసనాలు వేయించారు. వారిలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిదని ప్రసిద్ధి. ప్రాచీన శాసనాల తెలుగులో ‘ఴ’ అనే అక్షరముండేది. తరువాత అది వాడుక నుండి తొలగిపోయింది. ‘చోఴ’ శబ్దమే మనకు చోళ, చోడ రూపాలుగా మిగిలింది.

1991లో యూనికోడు మొదటి కూర్పు వెలువడినప్పుడు తెలుగు పట్టికలో ఈ అక్షరం లేదు. తమిళ, మలయాళాలలో దాని తోబుట్టువు కూర్చున్న వరుసలోనే మనకొక గడి ఖాళీగా ఉండిపోయింది. 2014లో వచ్చిన 7.0 కూర్పులో ‘ఴ’ ఆ పీట మీదికి చేరింది. మరుసటి ఏట 8.0లో శాసనాలలోని మరొక అక్షరం ‘ౚ’ వచ్చింది.

ఇరవై మూడేండ్ల తరువాత చేర్చినా పాత వ్రాతలకు హాని కలుగలేదు. ఎందువలన?

సి భాషలో ప్రోగ్రాములు వ్రాసేవారికి హెడర్ ఫైళ్ల తగవు తెలిసినదే. కంపైలరు మారినప్పుడు ఒకే పేరుకు రెండు హెడర్లు రెండు రకాల నిర్వచనాలిస్తే, కంపైలరు పొరపాటని చెప్పి ఆగిపోతుంది. అక్షరాల విషయంలో ఆ హెచ్చరిక ఉండదు. సంఖ్య అదే, అర్థం మాత్రం వేరు. చదువరికి తప్పుడు అక్షరం కనబడుతుంది. 1996లో 2.0 కూర్పు 6,656 కొరియా అక్షరాలను పాత స్థానాల నుండి తరలించింది. ఆ స్థానాలలో చాలా భాగం 1999లో చైనా అక్షరాలకు దక్కింది. పాత పట్టికతో వ్రాసినది కొత్త పట్టికతో చదివితే వేరొకటవుతుంది. ఆ తరలింపు తరువాత నియమం స్థిరపడింది: ఒకసారి కూర్చున్న అక్షరాన్ని కదల్చరాదు, తొలగించరాదు.

దీనికి మూల్యమూ ఉన్నది. కన్నడంలోని ‘ఴ’కు యూనికోడులో పొరపాటున ‘ఎఫ్ఏ’ అని పేరు పెట్టారు. పేర్లు కూడా మార్చరాదు గనుక, తప్పును అలాగే ఉంచి పక్కన సరియైన మారుపేరు చేర్చారు. జీవితమంతా ఎర్రసిరాతో తప్పులు దిద్దిన నాకిది మొదట మింగుడు పడలేదు. అయితే శాసనంలో చెక్కిన తప్పును మాత్రం మనం చెరిపివేస్తామా? మూలాన్ని ఉన్నదున్నట్లు ఉంచి, సవరణను పక్కన చూపుతాము. పరిష్కర్తల పద్ధతీ అదే.

పైన ‘ఴ’ ఉండవలసిన చోట మీకు డబ్బా కనబడితే, మీ ఫాంటు పాతదన్నమాట. దానిని మార్చి చూడండి. అక్షరం తన పీట మీదనే ఉన్నది.